నేను పుట్టించిన కీడు

మా ఇంట్లో కీడును ఎవరూ నమ్మేవారు కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే తర్వాత జరిగింది చదివి మా వాళ్ళ గురించి తప్పుగా అనుకునే ప్రమాదం ఉంది. నాయిన నమ్మేవాడు కాదు. అమ్మ నమ్మేది కాదు. ఎదురింటి పెద్దమ్మ కూడా నమ్మదని ఆమె స్వయంగా నాతో చెప్పింది, వేప చెట్టుకు ఐదు బిందెల నీళ్ళు పోస్తూ.

మేడ్చల్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకు కీడంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతా వారికోసం చెబుతాను. రెండు మూడేళ్ళకు ఒకసారి, ఎటు నుంచో ఒక మాట బస్సెక్కి వస్తుంది. ఈ ఏడు ఒక్క కొడుకున్న తల్లులకు కీడట. లేదా ఇద్దరు బిడ్డలున్నవాళ్ళకట. లేదా పెద్ద కోడళ్ళకట. విరుగుడు కూడా ఆ మాటతోనే వస్తుంది, అదే బస్సులో, పక్క సీట్లో. ఐదిళ్ళ బియ్యం అడుక్కుని బెల్లమన్నం వండాలి, లేదా వేప చెట్టుకు నీళ్ళు పోయాలి, లేదా గడప మీద ఇన్ని దీపాలు పెట్టాలి. ఎవరు చెప్పారంటే పక్కింటామె. ఆమెకెవరు చెప్పారంటే ఆమె చెల్లెలు. ఆ చెల్లెలికి కండ్లకోయలో ఎవరో. అక్కడి నుంచి మాట మబ్బుల్లోకి వెళ్ళిపోతుంది.

నేను ఒక్క కొడుకును. కాబట్టి ఒక్క కొడుకుల కీడు వచ్చినప్పుడల్లా బెల్లమన్నం తినవలసినవాణ్ణి నేనే. ఒకసారి అడిగాను.

"నమ్మనంటవు. మరెందుకు జేస్తవమ్మా?"

"నమ్మనురా. గని వాడకట్టంత జేసినంక మనమొక్కలం జెయ్యకుంటే, రేపేమన్నయితే?"

"ఏమైతది?"

"ఏం గాదు." కొంచెం ఆగింది. "గని, అయితే?"

ఈ ప్రశ్నకు డిగ్రీలో కూడా నాకు జవాబు దొరకలేదు. బియ్యం పెట్టిన ఐదిళ్ళవాళ్ళనూ అడిగి చూశాను. వాళ్ళూ నమ్మరట. అడిగితే పెట్టకుండా ఎట్లా ఉంటాం అన్నారు. మా వాడ మొత్తం మీద నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు, చెయ్యనివాళ్ళు కూడా ఒక్కరూ లేరు.

నేను బి.ఏ.లో సోషియాలజీ తీసుకున్నాను. మనకు పుట్టుకతో తెలుసుననుకునే సంగతులు చాలావరకు నలుగురూ కలిసి మనకు నేర్పినవేనని అందులో ఒక పాఠం ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే బాగానే రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఉద్యోగం రాలేదు. అందువల్ల తొంభైల చివర్లో నేను మేడ్చల్ బస్టాండు ఎదురుగా మా మేనమామ పెట్టించిన ఎస్టీడీ బూతులో కూర్చునేవాణ్ణి. అద్దాల గది బయట నేను, లోపల లోకం.

ఆ రోజుల్లోనే మా వైపు మరో కొత్త జ్ఞానం వచ్చింది. అది భూమికి సంబంధించింది. అప్పటిదాకా మా పొలాల్లో జొన్నలు, కొందరికి ద్రాక్ష తోటలు. ఆ మధ్య వెంచర్లవాళ్ళు తెల్ల రాళ్ళు పాతడం మొదలుపెట్టారు. కొంపల్లిలో మొదలైన రాళ్ళు మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డు వైపు తిరిగాయి. రాళ్ళతో పాటు, భూమి అమ్మాలంటే అక్కచెల్లెళ్ళ సంతకం కావాలన్న మాట కూడా వచ్చింది. అంతకుముందు ఆడపిల్లకు భూమిలో ఏమీ లేదని అందరికీ తెలుసు. ఆర్నెల్లలో ఆడపిల్ల సంతకం లేనిదే పని కాదని అందరికీ తెలుసు. ఏదో ఉంటేనే కదా సంతకం అడుగుతారన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

సంతకం పెట్టించుకోవడానికి కూడా అతి త్వరలో ఒక పద్ధతి ఏర్పడింది. అన్న ఒక చీర, కిలో లడ్డూలు, ఒక కాగితం పట్టుకుని చెల్లె ఇంటికి పోతాడు. చెల్లె చీర చూస్తుంది, అన్నం పెడుతుంది, సంతకం పెడుతుంది, కాస్త కళ్ళు తుడుచుకుంటుంది. అన్న లేచి వస్తాడు. ఎక్కడా ఇబ్బంది లేదు.

మా నాయినకు ఒక్కతే చెల్లె. అలియాబాద్‌లో ఇచ్చారు. నేను శామీర్‌పేట హైస్కూల్లో చదివిన రెండేళ్ళు ఆ అత్తమ్మ ఇంట్లోనే ఉన్నాను. నాయిన చీర, లడ్డూలు, కాగితం అన్నీ సక్రమంగా తీసుకుని వెళ్ళాడు. అత్తమ్మ చీర మెచ్చుకుంది. పీట వేసింది. పెన్ను చేతిలోకి తీసుకుంది. అప్పుడు చరిత్రలో మా వైపు ఏ చెల్లే అనని మాట అనేసింది.

"ఒకపారి సదివి వినిపియ్యి అన్నా."

"నా మీద నమ్మకం లేదానే?"

"పెండ్లి కార్డు గూడ సదివిపిచ్చుకుంటం గద. నమ్మకం లేకనా?"

నాయిన అన్నం ముట్టకుండా లేచి వచ్చాడు. మా ఊళ్ళో దీని మీద రెండో అభిప్రాయం రాలేదు. అడుగుతున్నది భాగం కాదు, చదవమని మాత్రమేనని తెలిసి కూడా, ఆమెకు ఆశ పుట్టిందన్నారు. చదవమన్నదంటే ఏదో ఉందన్నారు. కాగితం బీరువాలోకి పోయింది. పొలం సాగు లేక పడావు పడింది. నాయిన చెల్లె పేరు ఎత్తడం మానేశాడు.

మా దిక్కు బతుకమ్మకు ఆడపిల్లను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోవాలి. తనంతట తాను రాకూడదు. నాలుగు బతుకమ్మలు నాయిన వెళ్ళలేదు. నాలుగుసార్లూ అత్తమ్మ అలియాబాద్‌లోనే బతుకమ్మ పేర్చుకుంది. అప్పుడప్పుడు బూతుకు ఫోను చేసేది. "మీ నాయిన మంచిగున్నడా? నేనడిగిన్నని సెప్పకు" అనేది. ఇంటికెళ్తే నాయిన, "ఇయ్యాల ఎవ్వలన్న ఫోన్ జేసిండ్రా?" అని అడిగి, "ఎవ్వలు జేస్తేంది నాకు" అని జవాబు కూడా తనే చెప్పుకునేవాడు.

ఐదో ఏడు, భాద్రపదంలో ఒక మధ్యాహ్నం అత్తమ్మ ఫోను చేసింది. మాట మామూలుగా లేదు.

"ఈపారి గూడ రాడారా మీ నాయిన?"

"ఏమో అత్తమ్మా. ఏం సెప్తలేడు."

"మా తోటికోడలు వాడకట్టంత వినేటట్టు అడిగింది, నీకసలు తల్లిగారిల్లున్నదా లేదా అని." ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "నేనేమడిగిన్ననిరా? సదువుమన్న. గంతేనాయె."

ఫోను పెట్టేసింది. నేను మీటరు మీద అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఏ మాట చెబితే నాయిన వింటాడు? నా మాట వినడు. అమ్మ మాట అసలే వినడు. నలుగురి మాట వింటాడు. అయితే ఆ నలుగురితో చెప్పించాలి.

కొంతసేపటికి తుర్కపల్లి బస్సు కోసం ఎదురుచూస్తున్న ఒకామె ఎండకు తాళలేక బూతు నీడలో నిలబడింది. నేను గాలిలోకి చూస్తూ, "పాపం, ఈ ఏడు అన్నదమ్ములకు కీడట" అన్నాను.

ఆమె తల తిప్పింది.

"చెల్లె ఇంటికి అన్న స్వయంగా పోయి, ఆమె చేతి అన్నం తినాల్నట. పెత్రమాస లోపల."

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. తేదీ బాగానే కుదిరిందని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు. ఎవరన్నారని కూడా అడగలేదు. బస్సు వస్తే ఎక్కింది. నేను చేసిన పని ఇంతే.

మూడో రోజు పొద్దున బూతు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. సూరారంలో ఫ్యాక్టరీ పని చేసే ఒకతను కరీంనగర్ దగ్గర చెల్లెకు ఫోను కలపమన్నాడు. అద్దం అవతల నుంచి, "నేనొస్తున్న, అన్నం వండు, ఎందుకో వచ్చినంక సెప్త" అని అరుస్తున్నాడు. తర్వాతి మనిషిదీ అదే మాట. నా అబద్ధం నా బూతులోంచే ఊళ్ళు దాటుతోంది, నేనే నంబర్లు నొక్కుతున్నాను.

వారం తిరిగేసరికి అది నన్ను గుర్తుపట్టలేనంత పెద్దదయింది. పన్నెండు పచ్చ గాజులు వచ్చి చేరాయి. మంగళవారం పోకూడదన్న నియమం వచ్చింది. చెల్లె లేనివాళ్ళు జమ్మి చెట్టుకు గాజులు కట్టాలని వచ్చింది. సిద్దిపేట దగ్గర ఒకడు దీన్ని చూసి నవ్వి మోపెడ్ మీంచి పడ్డాడని సోమవారం విన్నాను. గురువారానికి మోపెడ్ లారీ అయింది. శనివారం నాటికి ఆ నవ్వినవాడి బామ్మర్ది మాకు తెలిసినవాడే అయ్యాడు. మేడ్చల్ అంగట్లో పచ్చ గాజులు దొరకడం మానేశాయి.

ఒక ముసలామె గాజుల సంచితో బూతు అరుగు మీద కూర్చుని, పన్నెండు గాజులూ అన్న చేత్తోనే తొడగాలని పక్కామెకు వివరిస్తోంది. నాకు మనసాగలేదు.

"అవ్వా, గాజులేం లేవు. ఒట్టి అన్నం తింటే సాలు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకేమెరుక కొడుకా? పొద్దుగాల్నుంచి ఫోను కాడ కూసుంటవు. సదువుకున్నోళ్ళకు గివి తెల్వయ్. పెద్దలను అడుగు."

తెల్ల కారులో కొంపల్లి నుంచి వెంచరాయన వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో గాజుల పొట్లం. గజ్వేల్‌లో అక్కకు ఫోను చేసుకుని, బయటికి వచ్చి నాతో, "నేను నమ్మ తమ్మీ. ఇంట్ల ఆడోళ్ళ పోరు" అన్నాడు. అదే మాట ఫోను చేసుకోవడానికి వచ్చిన కానిస్టేబులూ అన్నాడు. మా డిగ్రీ కాలేజీ లెక్చరరు గారు మాత్రం కొంచెం భిన్నంగా, "ఇందులో ఏదో సైన్సు ఉండి ఉంటుంది" అన్నారు.

ఇంత జరుగుతుంటే నమ్మనివాడు, చెయ్యనివాడు మేడ్చల్ మొత్తానికి ఒకే ఒక్కడు మిగిలాడు. మా నాయిన.

"గిది గాజులమ్మేటోళ్ళు పుట్టిచ్చిన ముచ్చట" అన్నాడు, భోజనాల దగ్గర. "ఎవడో ఉషారు గాడు కూసొని అల్లిండు. మీరందరు గొర్ల లెక్క పోతుండ్రు."

నేను పప్పు కలుపుకుంటూ ఉండిపోయాను. ఊరందరిలో ఒక్కడికి బుద్ధి ఉంది, ఎవరి కోసం ఈ బుద్ధిలేని పని చేశానో ఆ ఒక్కడికే ఉంది. నిజానికి గర్వపడాలి. గర్వం రాలేదు. అమ్మ మాత్రం భయంతో రోజురోజుకీ చిక్కిపోతోంది. నాయిన స్కూటరు తీస్తే గేటు దాకా వచ్చి నిలబడుతోంది.

అప్పుడు మాటకు ఒక సవరణ వచ్చింది. "కోపాలున్నోళ్ళు మనిషి చేత పంపిచ్చినా సెల్లుతదట." ఇది ఎక్కడ పుట్టిందో కనుక్కుందామని నలుగురైదుగురిని అడిగాను. ఎవరికి వారు వేరే వారు చెప్పారన్నారు. నా అనుమానం, చెల్లెతో మాటల్లేని ప్రతి ఇంట్లోనూ అది విడివిడిగా పుట్టింది. అట్లాంటి ఇళ్ళు, తెల్ల రాళ్ళ పుణ్యమా అని, అప్పటికే చాలా ఉన్నాయి.

కీడును నమ్మని నాయిన సవరణను మాత్రం ఆ పూటే నమ్మాడు.

"నేను గివన్ని నమ్మ. గని మీ అమ్మ పరేషాన్ ఐతాంది. గీ గాజులు తీస్కపోయి ఇచ్చిరా."

ఊళ్ళో ఎక్కడా దొరకని పచ్చ గాజులు మా బీరువాలో, కాగితం పక్కన, పొట్లంలో ఉన్నాయి. ఎప్పుడు కొన్నాడో అడగలేదు. నా కీడుకు నేనే విరుగుడు పట్టుకుని శామీర్‌పేట మీదుగా అలియాబాద్ వెళ్ళాను. బస్సులో కూర్చోవడానికి చోటు లేదు. పొట్లాలతో మగవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఒకాయన నాతో సానుభూతిగా, "నీగ్గూడ చెల్లెనా?" అన్నాడు.

అత్తమ్మ వాకిట్లో మక్కజొన్న కంకులు ఒలుస్తోంది. పొట్లం విప్పి చూసింది. చూసి, ఒడిలో పెట్టుకుని, ఒలవడం ఆపలేదు.

"మీ నాయిన రాలే."

"పంపిచ్చిండు. పంపిచ్చినా సెల్లుతదట."

"అటనా?" ఇంకో కంకి తీసుకుంది. "గీ కీడు నువ్వే పుట్టిచ్చినవు గదరా?"

నేను దగ్గాను. దగ్గు సరిగా రాలేదు.

"నీకెట్ల ఎరుకత్తమ్మా?"

"నేను పుట్టినసంది ఎన్ని కీడులు సూసిన. నీళ్ళు పోసేది ఆడోళ్ళు, దీపం పెట్టేది ఆడోళ్ళు, ఉపాసముండేది ఆడోళ్ళు. మొగోనికి పని పడ్డ కీడు గిదే మొదటిది. గందుల గూడ వాని పని తినుడే. గిది తిండిపోతు అల్లిన ముచ్చట. నీకన్న తిండిపోతు నాకెవ్వడు ఎరుక?"

సోషియాలజీలో నాకు వచ్చిన మార్కులన్నీ ఆమెకు ఇచ్చేయాలనిపించింది.

అన్నం పెట్టింది. పచ్చి పులుసు పోసింది. చేయి కడుక్కున్నాక గాజులు మళ్ళీ పొట్లం కట్టి నా చేతికిచ్చింది.

"తీస్కపో. తెచ్చేటోడే తేవాలె. తెచ్చేటప్పుడు గా కాగితం గూడ తెమ్మను."

"అత్తమ్మా, నాయిన ఇంకింత అలుగుతడు."

"అలగనీ. సూడు, గీ పొట్లం సంచిల పెట్టకు. చేతిల పట్టుకొని పో. తొవ్వల ఎవ్వలన్న అడిగితే అబద్ధం సెప్పకు."

నాకు అప్పుడు అర్థం కాలేదు. మేడ్చల్‌లో బస్సు దిగాక అర్థమైంది. మా వాడ మొదట్లోనే ఎదురింటి పెద్దమ్మ ఆపింది.

"ఏందిరా, గాజులు ఎనుకకు తెస్తున్నవు?"

"అత్తమ్మ తీసుకోలేదు పెద్దమ్మా. నాయిననే రమ్మన్నది."

పెద్దమ్మ రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది. ఇంటికి నలభై అడుగుల దూరం ఉంది. నేను ఆ నలభై అడుగులూ నడిచేలోపు నా వార్త నాకంటే ముందు ఇల్లు చేరింది. తోడబుట్టిన చెల్లె గాజులు తిప్పి కొట్టిందట. కీడుకు నాయిన భయపడలేదు గాని, ఈ మాటకు ఆయన ముఖం రంగు మారింది. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి పలకరించారు. అందరూ ఆరోగ్యం గురించే అడిగారు.

నాకు భయమేసింది. ఒప్పుకుందామనుకున్నాను.

"నాయినా, గీ కీడు నేనే పుట్టిచ్చిన. బూతుల కూసొని, ఒకామెకు సెప్పిన. నిన్ను అత్తమ్మ కాడికి పంపుదామని."

నాయిన నా వైపు తిరిగాడు.

"నువ్వు?"

"నేనే."

"నీ మాట మీ అమ్మ వినదు. నీ దోస్తులు వినరు. మనింటి బర్రె గూడ వినదు. నువ్వు సెప్తె కరీంనగర్ దాక విన్నరా?" తల అడ్డంగా ఊపాడు. "లోకమంత పెద్దల కాలం నుంచి జేస్తుంటే, వీడు పుట్టిచ్చిండట. గింత గొప్పలెందుకురా నీకు?"

వారం రోజులు గాజులమ్మేవాళ్ళ కుట్ర అన్న మనిషి ఈయనే. నేనే అని ఒప్పుకోగానే అది పెద్దల కాలం నాటిదైపోయింది.

మర్నాడు పొద్దున్నే స్కూటరు తీశాడు. బీరువాలోంచి కాగితం తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గాజులు డిక్కీలో పెట్టాడు. "తొవ్వ సూపనీకి రా" అన్నాడు నాతో. ఆ దారి ఆయనకు నాకంటే ముప్పై ఏళ్ళ ముందు నుంచి తెలుసు. వెనక ఎక్కి కూర్చున్నాను.

అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. "రా అన్నా" అంది. నాలుగేళ్ళ కింద వేసిన పీటే వేసిందో లేదో నాకు తెలియదు, నాయిన మాత్రం దాని మీద చాలా జాగ్రత్తగా కూర్చున్నాడు. వానల గురించి మాట్లాడుకున్నారు. మక్కల గురించి మాట్లాడుకున్నారు. మా మామయ్య పొలం నుంచి ఇంకా రాలేదని రెండుసార్లు చెప్పుకున్నారు. అన్నం పెట్టింది. నాయిన తిన్నాడు. మారు వడ్డించింది. అదీ తిన్నాడు. కీడు తీరిపోయిందనే అనుకున్నాను. అత్తమ్మ కంచం తీసి, చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సదువు."

నాయిన కాగితం విప్పాడు. దస్తావేజు రైటరు రాత గొలుసులాగా ఉంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదట ఊరు, సర్వే నంబరు. తర్వాత, "నా వివాహ సమయమున నాకు రావలసిన యావత్తు భాగము ముట్టినందున..."

"ఆగు. ఏం ముట్టింది?"

"రైటరు గట్లనే రాస్తడే. అందరికి గట్లనే రాస్తడు."

"అందరి సంగతి వద్దు. నాకేం ముట్టింది?"

నాయిన ఆలోచించాడు. "బర్రెనిచ్చినం గద."

"ఒట్టిపోయిన బర్రె."

"ఒట్టిపోయిందని ఎవ్వనికెరుక?"

"నీకెరుక. పాలు పిండేటోనివి నువ్వేనాయె."

నాయిన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. మళ్ళీ కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "నా అన్నగారియందు గల ప్రేమాభిమానములచేత, ఎవరి బలవంతము లేకుండ, సంతోషపూర్వకముగా..."

"ప్రేమాభిమానములు ఎవ్వలియి?"

"నీయే."

"నేనెప్పుడు సెప్పిన రైటరుకు?"

"సెప్పలే. వాడే రాసిండు."

"మరి సంతకం గూడ వాన్నే పెట్టుమను."

నాయిన మిగతాది చదివాడు. గొంతు తగ్గుతూ వచ్చింది. హద్దులు వచ్చేసరికి నాకు కూడా సరిగా వినపడలేదు. తూర్పున ఫలానావారి పొలం, పడమర బాట, దక్షిణాన బావి. బావి దగ్గర ఆగాడు. ఆ బావి దగ్గరే వాళ్ళిద్దరూ చిన్నప్పుడు మోట కొట్టేవారని, ఎద్దుల వెనక నడిచేది అత్తమ్మేనని నాకు మా అవ్వ చెప్పింది. కాగితంలో అది ఒక హద్దు. నాయిన చివరిదాకా చదివి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అన్నా, గీ కాగితం నువ్వెప్పుడన్న సదివినవా?"

"లేదు."

"ఇదే మొదలా?"

"ఇదే మొదలు."

"మరి నాలుగేండ్లు దేని మీద అలిగినవు?"

నాయిన నోరు తెరిచాడు. ఆయన దగ్గర జవాబు ఉందనే నేను అనుకుంటున్నాను. మా ఊరందరి దగ్గరా ఉన్న జవాబే. అక్కడ, ఆమె ముఖం ముందు, అది పనికొచ్చేలా లేదు. కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బయటికి వెళ్ళి డిక్కీ తెరిచి గాజులు తెచ్చాడు. తొడగబోయి రెండు పగలగొట్టాడు. "నీకు రాదు, ఇటియ్యి" అని మిగతావి అత్తమ్మే తొడుక్కుంది.

"పెత్రమాస నాడు వస్త. తయారుండు" అన్నాడు స్కూటరు తన్నుతూ. నాలుగు తన్నులకు గాని అది లేవలేదు.

అత్తమ్మను తీసుకురావడానికి వెళ్ళే ముందు రోజు నాయిన మేడ్చల్‌లో రైటరు దగ్గర కొత్త కాగితం రాయించాడు. బావి పక్క అరెకరం చెల్లెకని, మిగతాదే అమ్మకానికని. రాసినదాన్ని అక్కడే అరుగు మీద నిలబడి పైకి చదివాడు. రైటరు నొచ్చుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తన రాత ఎవరూ చదవలేదన్నాడు.

పెత్రమాస సాయంత్రం అత్తమ్మ మా ఇంట్లో బతుకమ్మ పేర్చింది. కీడు ఆ రోజుతో ముగిసింది. మర్నాడు దాని గురించి మాట్లాడినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం మాత్రం మా వాడ ఆడవాళ్ళు తంగేడు పువ్వు తెంపుతూ వాకిట్లో కూర్చున్నారు. అత్తమ్మ ఎట్లా వచ్చింది, నాయిన ఎట్లా దిగివచ్చాడు అన్నది వాళ్ళకు కావాలి. ఎదురింటి పెద్దమ్మ ఆగలేక అడిగేసింది.

"గాజులకు గూడ కరగని మనిషి, ఎట్ల కరిగినవయ్యా?"

నాయిన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"కరుగుడేంది వదినా? చెల్లె సంతకం పెట్టేముందు కాగితం సదివి వినిపిచ్చిన. ఆడపిల్లకు సదివి వినిపియ్యకుంట సంతకం అడుగుతరా ఎవ్వలన్న? మా నాయిన కాలం సంది మా ఇంట్ల గదే రివాజు."

ఆడవాళ్ళు తలలూపారు. ఒకామె, "మా దిక్కు గూడ గంతే" అంది. పెద్దమ్మ, "మరి! మొదటి సంది అంతేనాయె" అంది. ఆ ఏడు, తర్వాతి ఏడు మా వాడలో ఇంకో మూడిళ్ళవాళ్ళు అక్కచెల్లెళ్ళకు కాగితాలు చదివి వినిపించారని నాకు తెలుసు. ఒక్కరికీ ఎందుకో తెలియదు. అడిగితే, అందరూ చేసేదే కదా అన్నారు.

అత్తమ్మ తల ఎత్తలేదు. తంగేడు వరుస మీద గునుగు వరుస పెడుతూ, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"గిది గూడ నువ్వే పుట్టిచ్చినవారా?"

"లేదత్తమ్మా. గిది నాయిన సొంతం."

"మంచిగనే పుట్టిచ్చిండు" అని, ఇంకో గుప్పెడు గునుగు పువ్వు అందుకుంది.